వలసకు ముందు చాకు

“దీంతోని గొర్రె డెక్క కాదు గదా, గోంగూర కాడ గూడ తెగది” అంటూ బీరన్న ఎడమచేత్తోనే ఆ చాకును మడిచి కౌంటర్ మీద పెట్టాడు.

అప్పటికే కౌంటర్ మీద చాకుల వరుస ఒకటి తయారైంది. ఎర్రపిడిది, పచ్చపిడిది, బొత్తాం నొక్కితే టక్కుమని తెరుచుకునేది, సీసా మూత తీసే కొక్కెం ఉన్నది. ఒక్కో చాకు పక్కకు పోయినకొద్దీ ఇనుప సామాన్ల రఘుపతి ముఖం ముడుచుకుంటోంది. పైపుల కోసం వచ్చినవాళ్లు నిలబడి నిలబడి ఎదురు దుకాణానికి పోతున్నారు.

బీరన్న కొడుకు పరశురాములు తండ్రి వెనక నిలబడి పళ్లు నూరుతున్నాడు. ఊళ్లో గడ్డి అయిపోయింది. తెల్లవారితే మందను తోలుకుని కృష్ణా నది ఒడ్డుకు వలస పోవాలి. ఏటా తండ్రీకొడుకులిద్దరూ పోయేవారు. ఈసారి బీరన్న ఒక్కడే పోవాలి. పరశురాములుకు లారీ డ్రైవర్ పని దొరికింది. రేపు పొద్దున బండి ఎక్కకపోతే ఆ సీట్లో ఇంకొకడు కూర్చుంటాడు. గొర్రెల వెంట తిరిగి అరికాళ్లు అరగదీసుకున్నది చాలు, ఇప్పటికైనా కూర్చుని తినే పని ఒకటి దొరికిందని వాడు సంబరపడేలోపే ముసలాయన చాకు పోయింది.

చాకు లేకుండా మంద వెంట అడుగు కదపనని బీరన్న మొండికేశాడు. అదీ న్యాయమే. కొమ్మ నరకాలన్నా, డెక్కలో ముల్లు తీయాలన్నా, దారిలో ఈనిన గొర్రె పిల్లకు బొడ్డు కోయాలన్నా కాపరికి అదే దిక్కు. కానీ జానెడు లేని చాకు కోసం ఆత్మకూరు అంగడంతా ఇన్నిసార్లు తిరగడం ఎక్కడి న్యాయమో ఆ దేవుడికే తెలియాలి.

అందుకే ఈసారి పరశురాములు, తండ్రి ఇంకా బండి దిగి గొంగడి సర్దుకుంటుండగానే ముందు లోపలికి వచ్చి, కౌంటర్ మీదికి వంగి రఘుపతి చెవిలో ఏదో చెప్పి, జేబులోంచి ఏదో తీసి సొరుగులోకి జార్చాడు. రఘుపతి నవ్వి, “అట్లనే కానీ” అని సొరుగు మూశాడు. ఆ నవ్వు ఇప్పుడు లేదు.

బొత్తాం చాకు టక్కుమంటే గొర్రె బెదురుతుందన్నాడు బీరన్న. పచ్చపిడిది చెమట చేతిలో జారుతుందన్నాడు. ఎర్రపిడి దానిని మళ్లీ తీసి కొత్తగా చూస్తుంటే రఘుపతికి ఓపిక తెగింది.

“అది మొన్ననే వద్దంటివి గదనే బీరన్నా.”

“మొన్న నేనెప్పుడొచ్చిన? బేరం కాకుంటే అబద్ధాలాడుతవా?”

రఘుపతి పరశురాములు వైపు చూశాడు. ఇంట్లోనూ ఇదే కథ అన్నాడు వాడు. పొద్దున చెంబెడు అంబలి తాగి, తాగలేదని కోడలితో లొల్లి పెట్టుకున్నాడట. మాటంటే మాట మీద నిలబడే మనిషే, వయసుతోపాటు పట్టింపు ముదిరిందట.

రఘుపతి ఇంకో చాకు విప్పి చేతికి ఇవ్వబోయాడు. బీరన్న చేయి వెనక్కి తీసుకున్నాడు.

“కింద పెట్టు. చాకు చేతిలకెల్లి చేతికిస్తే పంచాయితీ పడ్తది. గింత దుకాణం పెట్టినవ్, గది తెల్వదా?”

తెలుసునని రఘుపతి కింద పెట్టాడు. అదీ నచ్చలేదు.

“ఇంతకూ నీ చాకు ఎట్లుంటదే?” అని విసుక్కున్నాడు రఘుపతి.

“చెప్పుడెందుకు? చేతుల పడంగనే తెలుస్తది. కండ్లు మూసుకున్నా నాది నాకు ఎరుకే.”

పరశురాములు పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకున్నాడు. రఘుపతికి కన్ను గీటి, తండ్రి ముఖం పడేలా ఫోన్ పట్టుకున్నాడు. ఇంట్లో పెండ్లానికి చూపిస్తే వారం రోజులు నవ్వుకోవచ్చు.

రఘుపతి సొరుగు తెరిచి పాత చాకు ఒకటి తీసి కౌంటర్ మీద పెట్టాడు. “ఇగ ఇదొక్కటే. ఇది గూడ వద్దంటే దుకాణం మూసుకుంట.”

బీరన్న దాన్ని అందుకున్నాడు. విప్పి, మూసి, మళ్లీ విప్పాడు. బొటనవేలు పదును మీద అడ్డంగా నడిచింది. పొద్దటి నుంచి చిటపటలాడుతున్న ముఖం మొదటిసారి మెత్తబడింది.

“పనోని చాకు” అన్నాడు. “నూరిన తీరు జూడు, ఎడమచేతి వాటం. మంచిగ కాపాడుకున్నడు.”

“అయితే తీసుకో బాపు” అన్నాడు పరశురాములు, గొంతులో నవ్వు ఆగక.

“ఎవనిదో నాకెందుకురా? పాపం, యాడ పోగొట్టుకున్నడో, ఎంత దేవులాడుతుండో. నాది పోతే నాకెట్లుంది? గా మనిషెవడో అర్సుకొని ఇచ్చెయ్యుర్రి.”

అన్నాడు. చాకును కౌంటర్ మీద పెట్టలేదు. నేరుగా కొడుకు అరచేతిలో పెట్టి, గొంగడి భుజాన వేసుకుని గడప దాటాడు. బయటి నుంచి కేక వేశాడు, ఇంకో దుకాణం చూద్దాం నడువమని.

రఘుపతి సొరుగు మూయడం మరిచిపోయాడు. పరశురాములు చేతిలో ఫోన్ ఇంకా వీడియో తీస్తూనే ఉంది, అందులో ఇప్పుడు ఖాళీ గడప ఒక్కటే కనిపిస్తోంది.

ఆ చాకు బీరన్నదే.