వీపు మీది మచ్చలు

"వేలు తియ్యవే, పోస్టర్ నలిగిపోతుంది. గంటలో ప్రొఫెసర్లు వస్తారు," అంది టోవా.

మారెన్ తియ్యలేదు. వేలు పోస్టర్ మీది సాలమాండర్ ఫొటో మీదే ఉంది: బల్లిలాంటి నల్లటి నీటి జీవి, వీపు మీద పసుపు మచ్చలు.

"ఇది మన కాలేజీ కుంటలో దొరికిందన్నావు."

"అవును. ఏడాదిగా వెతుకుతున్నాంగా!"

"ఏ రెండు సాలమాండర్లకీ వీపు మీద మచ్చలు ఒకేలా ఉండవు. ఇది మా తాత చెరువులోది. మొన్న సెలవుల్లో నువ్వు మా ఇంట్లో ఉన్నప్పుడు నేనే దీనికి ఫొటో తీశాను."

టోవా ముఖం పాలిపోయింది.

"నీ థీసిస్ కోసమేనే. ఒక్కటీ దొరకలేదని నువ్వేడుస్తుంటే చూడలేకపోయాను."

"దొరకలేదనే రాసేదాన్ని. అదీ ఫలితమే. మా అమ్మ చేసిన ఆపిల్-పై ముక్కలు అడిగి మరీ తిన్నావు. వెళ్తూ దీన్ని డబ్బాలో పెట్టుకుపోయావా?"

"దానికేం కాలేదులే. ఫొటో తీసి, కుంటలో వదిలేశాను. హాయిగా ఉంటుంది."

"ఇవి ఎక్కడ వదిలినా పుట్టిన నీళ్ళకే తిరిగిపోతాయని ఇద్దరం ఒకే బెంచీ మీద కూర్చుని చదివాం, టోవా."

మారెన్ జేబులోంచి మడిచిన రుమాలు తీసి బల్ల మీద విప్పింది. లోపల చచ్చిన సాలమాండర్. నల్లటి ఒళ్ళు నలిగిపోయినా, ఫొటోలోని పసుపు మచ్చలు చెక్కుచెదరలేదు.

"పొద్దున కాలేజీ బయట హైవే మీద దొరికింది. తల మా ఊరివైపే ఉంది."