ఎర్రగుర్రం పాట

ముసలాయన గడప తొక్కకుండా జాగ్రత్తగా దాటి, గుడారంలో తలుపు పక్కనే కూలబడ్డాడు.

అది అనామకులు కూర్చునే చోటు.

సొలొంగో ఆయనకి గిన్నెడు పులిసిన గుర్రంపాలు పోసింది గానీ, ఆమె ధ్యాస ఇక్కడ లేదు.

ఆమె ఖాన్ కొలువులో పాటగత్తె. పెద్దరాణి మంచం పట్టింది. కన్ను మూసేలోగా ఎర్రగుర్రం పాట పూర్తిగా వినాలని ఆవిడ కోరిక. ఎప్పుడో పెళ్ళినాడు విన్న పాట. చివరి చరణం ఎవరికీ గుర్తు లేదు.

కొలువులో చదువులకేం కొదవ లేదు. పారశీకుడు చుక్కల దారులు చెబుతాడు. చీనా చిత్రకారుడు పట్టుబట్ట మీదికి వాననే దింపుతాడు. తలా ఒక చరణం అల్లి తెచ్చారు. రాణి కళ్ళు మూసుకుని విని, ఇది కాదనేసింది.

పాట కట్టినవాణ్ణి వెతకడానికి రౌతు ఖదాన్ మంచు కరగగానే బయల్దేరాడు. ఇంకా రాలేదు. పోనీ ఆ పాట కట్టినాయన పేరు చెప్పి వాకబు చేద్దామా అంటే, చనిపోయిన ఖాన్ పేరూ అదే. ఆ పేరు ఎవరూ పలకకూడదు.

"నీ పేరేంటి తాతా?" మాటవరసకి అడిగింది సొలొంగో.

"పేరు లేనోణ్ణమ్మా."

ఆమెకి నవ్వొచ్చింది. పిల్లలు నిలవని తల్లులు, దయ్యాల కన్ను పడకుండా బిడ్డకి అలాంటి పేరే పెట్టుకుంటారు.

"అయితే నీ ముందు పుట్టినవాళ్ళెవరూ దక్కలేదన్నమాట మీ అమ్మకి."

ఆయనా నవ్వాడు. కాదనలేదు. పాలు తాగి, గిన్నె కింద పెట్టాడు. పెద్దరాణి గుడారం బయట నిలబడి ఒక్క పాట పాడి పోతానన్నాడు.

"నల్లకంబళి చుట్టిన ఈటె పాతారు, కనబళ్ళేదా? జబ్బుమనిషి దగ్గరికి పైవాళ్ళు పోకూడదు. అయినా అక్కడ పాడ్డానికి నేనున్నాగా. నువ్వెళ్ళి మా ఒంటెకి పాడుకో."

ఎకసెక్కానికే అంది. ఆ ఒంటె ఈనిన దగ్గర్నుంచీ పిల్లని దగ్గరికి రానివ్వడం లేదు.

ఆయన నిజంగానే వెళ్ళాడు.

సాయంకాలపు పల్చని ఎండలో గడ్డి మెల్లగా ఊగుతోంది. ఆ గొంతును గాలి ముక్కలు ముక్కలుగా మోసుకొచ్చింది. ఏ పాటో తెలియలేదు గానీ, సొలొంగో కాసేపు తానెక్కడుందో మరిచిపోయింది. చిన్నప్పుడు గుర్రం మీద నాన్న ముందు కూర్చుని కునికిపాట్లు పడినట్టుంది.

మరుక్షణం తన మీద తనకే కోపమొచ్చింది. చరణం వెతుక్కోవలసిన వేళ ఇదేం గోలని, తలుపు కంబళి దించేసింది.

బయటికి వచ్చేసరికి ఆయన లేడు, ఆయన గుర్రమూ లేదు. ఒంటె కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. పిల్ల దాని పొదుగు కింద దూరి పాలు తాగుతోంది.

తెల్లవారేసరికి పెద్దరాణి పోయింది. గుడారం ముందు ఈటె పీకేస్తుంటే చూడలేక సొలొంగో ఏడుస్తూ నిలబడింది. అప్పుడొచ్చాడు ఖదాన్, దుమ్ము కొట్టుకుపోయి.

"దొరకలేదక్కా. రాణికి బాగాలేదని విని, నేనక్కడికి చేరకముందే ఇటు బయల్దేరాడంట."

"ఇప్పుడు ఏ పేరుతో తిరుగుతున్నాడు?"

ఖదాన్ గుర్రం దిగి, కళ్ళెం చేతికి చుట్టుకున్నాడు.

"ఖాన్ పోయాక ఆ పేరున్నోళ్ళంతా కొత్త పేర్లు పెట్టుకున్నారు కదక్కా. ఆయన మాత్రం పెట్టుకోలేదంట. ఎవరడిగినా, పేరు లేనోణ్ణంటాడంట."