ఫోన్లో చూసిన రేటు

"చాలదు వదినా," అంది మరదలు, డబ్బు మార్చే కౌంటరు అద్దం మీద అంకెలు మళ్ళీ చదివి.

సరిహద్దు దాటి బస్సు దిగారో లేదో, మొదటి దెబ్బ తగిలింది.

వదినా మరదళ్ళిద్దరిదీ ఒకటే కుట్టు దుకాణం. చొక్కా కుట్టడం దాకా వాళ్ళ చేతిలో పని. కాజాలు మాత్రం బయటివాడికివ్వాలి. వాడు ఇచ్చినప్పుడే చొక్కా, వాడు అడిగినంతే కూలి. మూతపడ్డ ఫ్యాక్టరీల సామాను అమ్మే కొట్లో పాత కాజా మిషను ఉందని తెలిసి, ఫోన్లోనే బేరమాడి, ఇంట్లో ఉన్నదంతా ఊడ్చుకుని వచ్చారు.

కొట్టాయన మధ్యాహ్నం దాకా ఆగుతానన్నాడు. ఇక్కడి నోట్లే కావాలన్నాడు.

"ఫోన్లో రేటు చూసేగా లెక్కేశావు?" అంది వదిన.

"అది ఫోన్లో రేటు. వీళ్ళు మన డబ్బు తక్కువకి కొని, ఎక్కువకి అమ్ముతారు. పైన కమిషను."

"అంటే నోటు ఇటునుంచి అటు జరిపినందుకు జరిమానానా?"

అద్దం వెనక గుమాస్తా మర్యాదగా నవ్వాడు. నవ్వుకి మాత్రం కమిషను తీసుకోలేదు.

పక్కనే నిలబడ్డ మనిషి దగ్గరికొచ్చాడు. మాసిన గడ్డం, పడుకుని లేచిన చొక్కా.

"అక్కా, ఫోన్లో రేటు నేనిస్తాను."

వదిన బ్యాగు చంకలోకి లాక్కుంది.

"ఎందుకిస్తావు?"

"మీ నోట్లు నాకు కావాలి. మా నోట్లు మీకు కావాలి. మధ్యలో వాడెందుకు?"

"మా నోట్లు అందరికీ కావాలి నాయనా. బ్యాగు కూడా కావాలా?"

"వదినా, ఆ రేటుకైతే మనకి సరిపోతుంది," మరదలు మెల్లగా అంది.

"నువ్వూరుకోవే. ఇంత పెద్ద ఆఫీసువాడు ఇవ్వలేని రేటు, మొహం కడుక్కోని వాడిస్తాడా? దొంగనోట్లు కాకపోతే!"

"అనుమానముంటే ఆయన నోట్ల మిషన్లోనే పెట్టి చూపించుకోండక్కా," అన్నాడతను, గుమాస్తా వైపు చూపిస్తూ.

"ఆహా! ఇద్దరూ తోడుదొంగలన్నమాట!"

"కాదక్కా, నాకు మీ ఊళ్ళో..."

"మా ఊరు కూడా కనుక్కున్నాడే! బస్సు దిగినప్పట్నించీ వెనకాలే వస్తున్నావా?"

"మీ బ్యాగు మీద దుకాణం పేరు, ఊరు..."

"గార్డూ! ఓ గార్డూ!"

వదిన గొంతు మామూలు గొంతు కాదు. మిషన్ల చప్పుడు మీద అరిచి అరిచి గట్టిపడ్డ గొంతు. హాల్లో అందరూ తిరిగి చూశారు. గుమాస్తా అద్దం తట్టి, "బయటి మారకం నేరం, బోర్డు చదవలేదా?" అని అతన్నే కసిరాడు.

గార్డొచ్చి అతని మోచెయ్యి పట్టుకుని పక్క గదిలోకి నడిపించాడు.

"నా బస్సుకి టైమవుతోంది సార్."

"పారిపోవడానికి టైమవుతోందట, వినండి!" అంది వదిన.

గది తలుపు మూసుకుంది. వదిన గుండె నిండా గాలి పీల్చుకుని, అద్దం కింద సందులోంచి డబ్బు లోపలికి తోసింది. గుమాస్తా ఇచ్చింది పుచ్చుకుంది. రశీదు కూడా ఇచ్చాడు. రశీదిచ్చి కోసేదాన్ని దోపిడీ అని ఎవరంటారు?

సామాన్ల కొట్లో కాజా మిషను వాళ్ళు అనుకున్నదానికంటే బాగుంది. మరదలు చక్రం తిప్పి చూసింది. సూది మెత్తగా దిగింది.

కొట్టాయన డబ్బు చూసుకుని తల అడ్డంగా ఊపాడు.

"తక్కువుందమ్మా."

"మిగతాది ఇంటికెళ్ళి పంపిస్తాం."

"ఏ దేశం నుంచి పంపిస్తారు? నేనెక్కడని వెతుక్కోను?"

"కార్డు ఉంది."

"తుక్కు అమ్ముకునేవాణ్ణి, కార్డు గీసే పెట్టె నాకెక్కడిదమ్మా? మీరు వస్తారని పొద్దుట్నుంచీ ఆయన్ని ఆపాను."

ఆయన అంటే గుమ్మంలో రిక్షా పెట్టుకుని నిలబడ్డ ఇంకో బేరగాడు. మిషను వాళ్ళ కళ్ళముందే రిక్షా ఎక్కింది.

మరదలు ఏడవలేదు. రిక్షా మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడిందంతే.

ఇక్కడి నోట్లు ఇంట్లో ఏం చేసుకుంటారు? మళ్ళీ అదే అద్దం దగ్గరికొచ్చారు. ఈసారి గుమాస్తా రెండో అంకె చూపించాడు. పొద్దున తెచ్చిన డబ్బు, ఏమీ కొనకుండానే, ఇంకా కరిగి చేతికొచ్చింది.

"అదేంటయ్యా! నీదగ్గర తీసుకున్నవి నీకే తెచ్చిస్తే!"

"రేటు బోర్డు మీదుందండీ. మళ్ళీ దయచెయ్యండి."

వదినకి కోపం ఎవరిమీద చూపించాలో తెలియలేదు. గుమ్మం దగ్గర గార్డు కనిపించాడు.

"పొద్దుటి దొంగని లోపలేశారా?"

"దొంగేంటమ్మా," అన్నాడు గార్డు. "నోట్లన్నీ మిషన్లో పెట్టి చూశాం. ఒక్కటి కూడా తేడా లేదు."

"మరి మమ్మల్నెందుకు పట్టుకున్నాడు?"

"మీకంటే ముందు ఇదే కౌంటర్లో మీ దేశం డబ్బు కొనబోయాడు. ఈ రేటుకి తెచ్చింది చాల్లేదు. మీరు అటునుంచి వచ్చారు కదా, మిమ్మల్ని అడిగాడు."

మరదలు గార్డు దగ్గరికి జరిగింది.

"బస్సు దొరికిందా అతనికి?" అని అడిగింది.

"విచారణ అయ్యి తలుపు తీసేసరికి వెళ్ళిపోయింది. ఏ లారీ అయినా ఎక్కించుకుంటుందేమోనని రోడ్డు మీదికెళ్ళాడు."

"అంత తొందరేంటట?" అంది వదిన.

గార్డు ఆమె బ్యాగు మీది ఊరి పేరు వైపు చూసి చెప్పాడు.

"బిల్లు మీ నోట్లలో పూర్తిగా కడితేగానీ అతని పెళ్ళాన్నీ, పొత్తిళ్ళలో బిడ్డనీ వదలమన్నారట, మీ ఊరి ఆసుపత్రివాళ్ళు."