నూట పద్నాలుగో గది నుంచి పడమటికి

"ఆ కాగితం ముట్టుకోకండి సార్!"

ఎమెట్ చెయ్యి తలుపు మీదే ఆగిపోయింది. టీచరు పేరుండాల్సిన చోట ఎవరో గోధుమరంగు కాగితం అంటించి 'ఇండిపెండెన్స్, మిస్సోరీ' అని రాశారు.

"పూర్వం పడమటికి వలసబళ్లు బయల్దేరిన ఊరు సార్ అది. దాన్నే పీకేస్తే ఇంక ఒరెగాన్ ఏం చేరతాం?" అంది ట్రెస్సా. పదమూడేళ్ల పిల్ల, రెండు జడలు, కోర్టులో వాదించే గొంతు.

ఎమెట్ హోల్‌క్విస్ట్ మురిసిపోయాడు. సెలవు పెట్టిన టీచర్ల బదులు పాఠాలు చెబుతూ నెబ్రాస్కాలో నాలుగు కౌంటీలు తిరగడం అతనికిది ఏడో ఏడు. పొద్దున్నే ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. "ఓస్ట్రాండర్ గారికి జ్వరం. ఎనిమిదో తరగతి, నూట పద్నాలుగో గది," అంతే, పెట్టేశారు. కారు మంచులో ఇరుక్కుని పావుగంట ఆలస్యమైంది. ఏ దిక్కుమాలిన సబ్జెక్టు తగులుకుంటుందో అని హడలిపోతూ వస్తే, ఎదురుగా తను ప్రాణం పెట్టే చరిత్ర! అతని కోరికల్లా ఒక్కటే. తనకంటూ ఒక గది, దాని తలుపు మీద తన పేరు. ఇవాళ ప్రిన్సిపాల్ కంట్లో పడితే ఆ కోరిక తీరొచ్చు.

"ఓస్ట్రాండర్ గారు ఇవాళేం చెప్పాలో రాసి పెట్టలేదా?"

"పెట్టారు సార్. బండి చక్రం చేశాం."

నిజమే. నీలం ఫైలును గుండ్రంగా కత్తిరించి బెంచీకి అంటించారు. కిటికీ తెర బండికి గుడారమైంది. టీచరు బల్ల మీది కాగితాల కట్ట బోర్లా తిప్పి తలా ఒకటి పంచుకున్నారు. భూమి పట్టాలట.

గదిలో మూడు వరసలు. ఉత్తరం, దక్షిణం, పడమర.

"మాకు మిల్లులున్నాయ్. మీకేముంది, బురద!" అంది ఉత్తరం వరస.

"మీ మిల్లుల్లో నేసేది మా పత్తే కదరా!"

"ఆ పత్తి ఏరేది మీరా? మనుషుల్ని కొనుక్కొచ్చి ఏరిస్తున్నారు. కొత్త నేలకి ఆ పాపం తెచ్చారో, ఊరుకోం!"

"మీరూ మీరూ కొట్టుకోండి, మాకు రైలెప్పుడేస్తారో చెప్పండి ముందు!" అని మొత్తుకుంది పడమర వరస.

ఎమెట్‌కు కళ్లు చెమర్చాయి. పుస్తకంలో నలభై పేజీల సంగతి రెండు నిమిషాల్లో తేల్చేశారు పిల్లలు.

కిటికీ దగ్గర లైల్ అనే కుర్రాడు మాత్రం చెక్కిన పెన్సిలు పట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు. "సార్, ఒక్క మాట. ఇది అసలు..."

"ఒప్పందం!" అని అరిచింది ట్రెస్సా. నలుగురొచ్చి లైల్‌ను బల్లతో సహా మూలకు జరిపారు. "నువ్వు ఇక్కడి ఆదివాసీవి. గడ్డి మొలిచినంత కాలం ఆ మూల నీదే. సంతకం పెట్టు."

పది నిమిషాలకు ఆ మూలలో బంగారం బయటపడింది. లైల్ బల్ల బీరువా పక్కకు జరిగింది.

"సార్, నేను చెప్పేది కొంచెం వినండి..."

"ఇంకో ఒప్పందం!"

ఈసారి కోట్లు తగిలించుకునే బీరువాలోకే పంపారు. ఎమెట్ చప్పట్లు కొట్టాడు. "ఏం నటన బాబూ! ముందు నుంచీ ఉన్నవాడి మాట ఎవ్వరూ వినలేదన్న బాధంతా నీ మొహంలోనే ఉంది."

"నేను నటించట్లేదు సార్."

"అదీ! అలా ఉండాలి!" అన్నాడు ఎమెట్. ఎవరో బీరువా తలుపు మూసేశారు.

"సార్, రెండు వేల మైళ్లు. రోజుకి పదిహేను నడిస్తే ఎన్నాళ్లకి చేరతాం?" అని అడిగారెవరో.

ఎమెట్ కిటికీ వైపు తిరిగాడు. చిన్నప్పటి నుంచీ అంకెలంటే అతనికి పులిని చూసినంత భయం. కేకు చెయ్యాలన్నా కొలతలు పక్కింటావిడే చెప్పాలి. "మీరే చెప్పండి," అన్నాడు గంభీరంగా.

"నూట ముప్ఫై నాలుగు రోజులు!"

"ఎద్దొకటి చచ్చింది. ఇంక రోజుకి పన్నెండు మైళ్లే!"

"నూట అరవై ఏడు!"

అదే సమయానికి తలుపు తోసుకుని ప్రిన్సిపాల్ రాడ్‌మేకర్ లోపలికొచ్చింది. తరగతి బిగుసుకుపోయింది. ట్రెస్సా మొహంలో నెత్తురు చుక్క లేదు. తిరగబడ్డ బెంచీలూ, ఊడిన తెరా చూసి, తన పని అయిపోయిందనుకున్నాడు ఎమెట్.

"నూట అరవై ఏడా? ఎలా వచ్చింది?" అందామె.

ట్రెస్సా వివరంగా చెప్పింది. ప్రిన్సిపాల్ తలూపి, ఎమెట్‌ను వరండాలోకి లాక్కుపోయింది.

"పదకొండేళ్లలో ఈ గదిలోంచి ఏడుపులు వినిపించాయి గానీ, ఇంత హుషారు ఎన్నడూ లేదండీ! ఓస్ట్రాండర్ జూన్‌లో రిటైరవుతోంది. ఈ సబ్జెక్టుకి మనిషి దొరక్క చస్తున్నాం. మీరొస్తారా?"

చరిత్ర టీచర్లకేం కరువు లేదని నాలుగు కౌంటీల్లోనూ చెప్పారు ఎమెట్‌కు. కానీ ఇప్పుడదెందుకు? "వస్తానండీ! తప్పకుండా వస్తాను!"

"మళ్లీ మాట మార్చకూడదు."

"అయ్యో, ప్రాణం పోయినా మార్చను," అంటూ ఆమె తెప్పించిన కాగితం మీద గోడకానించే సంతకం పెట్టేశాడు.

గంట కొట్టారు. పిల్లలు అతని మొహం చూడకుండా గబగబా జారుకున్నారు. పాపం లైల్ గుర్తొచ్చి ఎమెట్ బీరువా తలుపు తీశాడు.

"బాబూ, వచ్చే ఏడాది నుంచి ఈ గది నాది! తలుపు మీద నా పేరే ఉంటుంది!"

లైల్ అతని వంక జాలిగా చూశాడు. పరీక్షకని చెక్కుకున్న పెన్సిలు జేబులో పెట్టుకుని, తలుపు దగ్గరికి నడిచి, ఆ గోధుమరంగు కాగితాన్ని మెల్లగా ఊడదీశాడు.

కింద పలక మీద రెండే మాటలున్నాయి: ఓస్ట్రాండర్, లెక్కలు.