మీసాల తాతగారు

హాల్లో గోడమీది పెద్దాయన ఫొటోకి భ్రమరాంబ మల్లెదండ వేస్తుంటే, ఆ ఇంటికి ఇంటీరియర్ డిజైన్ చేసిన హారిక నోరు తెరిచింది.

"ఆయనకి దండేంటండీ?"

"మా ఆయన వాళ్ల తాతగారు కదమ్మా!"

సోఫాలో ఉన్న చక్రధరరావు ఉలిక్కిపడ్డాడు. "మా తాతా? మీ పుట్టింటి పెద్దాయన కదే!"

హారిక నీళ్లు నమిలింది. "పాత ఫొటోలిమ్మంటే మీరిద్దరూ ఇవ్వలేదు కదండీ. ఇల్లు మీ సొంతంలా కనిపించాలని బందరులో పాతసామాన్ల కొట్లో కొన్నాను. మీసాలు బాగున్నాయని."

చక్రధరరావుకి తల తిరిగిపోయింది. గుడివాడలో ఈ ఇంట్లోకొచ్చి నాలుగు నెలలైంది. అత్తవారి పెద్దాయన చూస్తున్నాడని తను హాల్లో చుట్ట ముట్టించలేదు, లుంగీ ఎగగట్టలేదు. కృత్తివెన్నులోని తన చెరువులో రొయ్యలన్నీ చచ్చిపోయిన రోజున కూడా భార్యమీద గొంతెత్తలేదు. ముక్కూమొహం తెలియని మనిషికా ఇంత మర్యాద!

"ముందు దించెయ్యి దాన్ని!" అని అరిచాడు. హారిక గబగబా స్టూలెక్కింది.

"దిగమ్మా," అంది భ్రమరాంబ. "ముప్ఫయ్యేళ్ల కాపురంలో ఈయన నాతో నెమ్మదిగా మాట్లాడింది ఈ నాలుగు నెలలే. ఆయనెవరైతేనేం, నా తరఫు మనిషి."

చక్రధరరావు ఆ మీసాలవంక కాసేపు చూసి, మెల్లగా అడిగాడు.

"మరి ఈయన తద్దినం ఏ తిథిన పెడదామే?"