మంచి ఎదురు

"వర్జ్యం వచ్చేస్తుందిరా బన్నీ! ఇంకా ఆ వైర్లేంటి? బయల్దేరు."

రామతులసికి పొద్దుట్నుంచీ కాళ్ళూ చేతులూ ఆడటం లేదు. పదిహేడేళ్ళ కొడుకు సింగపూర్ జట్టు తరఫున వీడియో గేములు ఆడబోతున్నాడు. ఆటకి జీతం! మూడు నెలలు చూస్తారట. నెగ్గుకొస్తే జట్టులో చోటు ఖాయం. లేదంటే హాస్టల్లో పడేసి ఇంజనీరింగ్ కోచింగేనని వాళ్ళ నాన్న సత్యప్రసాద్ తేల్చి చెప్పేశాడు. చెప్పినవాడే బరువైన సామానంతా పొద్దున్నే చేరవేశాడు కూడా.

"స్వెట్టర్ పెట్టాను. రోజంతా ఏసీలో ఉండాలన్నావుగా."

"సరేనే అమ్మా."

"కందిపొడి సంచిలో ఉంది. వేళకి తిను. జట్టులో ఎవరైనా ఓ మాటంటే పడు. తిరిగి అనకు."

"తెలుగులో అంటాలే. వాళ్ళకి తెలీదుగా."

"మరి నాకు మాట్లాడాలనిపిస్తే?"

"ఫోన్ చెయ్యి. ఎత్తకపోతే మ్యాచ్‌లో ఉన్నట్టు. ఊరికే కంగారుపడిపోకు."

పక్కింటి అచ్చిబాబుగారు అరుగు మీంచి అందుకున్నారు. "మా రోజుల్లో పేకాడితే పోలీసులొచ్చేవారమ్మా. ఇప్పుడు ఆటాడితే జీతాలిస్తున్నారు. నేనే తొందరపడి ముందు పుట్టేశాను."

బన్నీ దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు. పెరుగూ పంచదారా నోట్లో వేసుకున్నాడు. బ్యాగు భుజాన తగిలించుకుని, గడప దాటడానికి కుడికాలు ఎత్తాడు.

అచ్చిబాబుగారు ఠపీమని తుమ్మారు.

ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండిపోయింది.

"జలుబమ్మా! కావాలని కాదు," అన్నారాయన కండువాతో ముక్కు మూసుకుంటూ.

రామతులసి మొహం పాలిపోయింది. ఇలాంటి తుమ్మే అప్పుడూనూ. తొమ్మిదో తరగతి పాసైన ఏడు, కాకినాడ హాస్టల్‌కి ట్రంకుపెట్టెతో బయల్దేరిన తనని నాన్న గుమ్మంలోంచే వెనక్కి తిప్పేశాడు. మంచిరోజు చూసి పంపిస్తానన్నాడు. ఆ మంచిరోజు రానేలేదు. పెళ్ళిసంబంధం వచ్చింది.

"ఈపూటకి మానేయనా అమ్మా?" బన్నీ ఎత్తిన కాలు వెనక్కి దించాడు. "ఇవాళ రాకపోతే వేరేవాణ్ణి తీసుకుంటామన్నారు."

రామతులసి కొడుకు భుజం పట్టి లోపలికి లాగింది.

"నోర్ముయ్. కూర్చో. మంచినీళ్ళు తాగు. ఆఁ, లే ఇంక! తుమ్ములకి ఆగే రోజులు నాతోనే పోయాయి. బాబాయ్‌గారూ, మీరు ఆ ముక్కు వదలకండి. లావణ్యా, ఎక్కడ చచ్చావే, ఎదురు రా!"

"ఇందాకట్నుంచీ గేటు దగ్గరే ఉన్నానక్కా! చెయ్యి పీకేస్తోంది," అంది తోటికోడలు లావణ్య, నీళ్ళబిందె చంకన సర్దుకుని నడిచి వస్తూ.

"వెళ్ళొస్తానే అమ్మా."

"వెళ్ళిరా నాన్నా. క్షేమంగా వెళ్ళి, లాభంగా రా."

కొడుకు గడప దాటాడు. ఇంకోసారి చూసుకోవాలనిపించింది. కానీ వెళ్ళేవాణ్ణి వెనక్కి పిలవకూడదు. రామతులసి కొంగు నోట్లో కుక్కుకుంది. అచ్చిబాబుగారు ముక్కు పట్టుకునే రెండో చేత్తో టాటా చెప్పారు.

బన్నీ వెనక్కి తిరక్కుండా గేటు దాటి, వీధివైపున్న మెట్లెక్కి, తమ మేడ మీద గదిలోకి వెళ్ళి తలుపేసుకుని, కంప్యూటర్ ముందు కూర్చుని సింగపూర్ జట్టుకి హలో చెప్పాడు.