గోడకు బిగించిన తలుపు

“ఆ తలుపు తీసెయ్యాలె మేడం,” అన్నాడు లోహిత్.

సెలీనా తాగుతున్న నీళ్ల గ్లాసు బల్ల మీద పెట్టింది. మధ్యాహ్నపు రద్దీ అప్పుడే తగ్గింది. రాయదుర్గంలో అతను కొత్తగా తెరిచిన ఆ రెస్టారెంటు నిండా ఆమె ఏరి తెచ్చిన పాత కలపే. కూల్చేసిన ఇళ్ల కిటికీ రెక్కలు బల్లలయ్యాయి, దూలాలు బెంచీలయ్యాయి. ఒక్క తలుపును మాత్రం ఆమె తలుపుగానే ఉంచి, మూల గోడకు బిగించింది. దాని వెనక కాంక్రీటు తప్ప ఏమీ లేదు.

పని పూర్తయినా ఆమె రావడం మానలేదు. వచ్చినప్పుడల్లా అక్కడే కూర్చుని, “తలుపుతో ఇబ్బందేమీ లేదు కదండీ?” అని అడిగేది. వడ్డించేవాళ్లనూ అడిగేది. చేసిన పని మీద ఎంత శ్రద్ధో అని లోహిత్ మెచ్చుకునేవాడు.

“చెదలు పట్టిందా అండి?”

“చెదలైతే ఫికర్ లేకుండె. అవతలి నుంచి ఎవరో తడుతున్నరు.”

ఆమె నవ్వలేదు. “మీరు విన్నారా?”

“ముందు వంట చేసే భాగ్యమ్మ చెప్పింది. ఎలుకలేమో అని నేనన్న. ఇగ ఆమె పనికే రానంటున్నది. నిన్న పొద్దున షటర్ తీసి ఒక్కన్నే కూసున్న. నాకూ వినపడ్డది.”

“ఎక్కడ?”

లోహిత్ వెళ్లి తలుపు ముందు వంగి, మోకాలి కంటే కాస్త ఎత్తులో చెయ్యి పెట్టాడు. “ఇక్కడ. చిన్నపిల్లలు తట్టినట్టు.”

“ఎలా తట్టారో చూపించండి.”

అతను వేళ్లతో మెల్లగా రెండుసార్లు తట్టి, కాసేపాగి, ఇంకోసారి తట్టాడు. తిరిగి చూస్తే సెలీనా బుగ్గల మీద నీళ్లు కారుతున్నాయి.

“పరేషాన్ గాకండి. పాత ఇండ్ల సామాను, ఏ ఇంట్ల ఏమైందో మీకేం తెలుసు?”

“ఇది బాచుపల్లిలో మా ఇంటిదేనండి. మా పాప గది తలుపు.”

పాప ఎక్కడుందని అడగబోయి లోహిత్ ఆగిపోయాడు. ఆ ముఖం చూస్తే అడగాల్సిన పని లేదు. జాలితో పాటు కోపం కూడా వచ్చిందతనికి.

“మీ ఇంట్ల ఉంచుకోలేక నాకు తగిలిచ్చిన్రా మేడం?”

“లేదండి. తీసుకుపోతాను. ఈ రోజే తీసుకుపోతాను.”

“మరి ఎందుకు తెచ్చిన్రు?”

ఆమె చెక్క మీద అరచెయ్యి ఆనించింది. ఏడుస్తూనే, ఎప్పుడో మరిచిపోయిన నవ్వొకటి నవ్వింది.

“నాకొక్కదానికే వినపడుతోందనుకున్నానండి.”